ఐదేళ్లు కాల్చని మడి

శామీర్‌పేట మండల వ్యవసాయ అధికారిగా నేను బాధ్యతలు తీసుకున్నది ఒక ఏప్రిల్ నెల మొదటి వారంలో. యాసంగి, అంటే రబీ వరికోతలు జోరుగా సాగుతున్న రోజులవి. నా పదవీ విరమణకు ఇంకా ఆరేళ్ల పైచిలుకు మిగిలి ఉంది. అంతకుముందు నా సర్వీసులో ఎక్కువ భాగం భూసార పరీక్షా కేంద్రాల్లోనే గడిచింది. మట్టిని గుడ్డసంచుల్లో, గాజుగొట్టాల్లో చూసినంతగా పొలంలో చూసినదాన్ని కాదు. ఆ సంగతి నాకు అప్పట్లో లోటుగా అనిపించలేదు.

మండల వ్యవసాయ అధికారి ఉద్యోగం మధ్య మెట్టు. పైన డివిజన్‌కు సహాయ సంచాలకులు ఉంటారు. కింద కొన్ని ఊళ్లకు ఒకరు చొప్పున విస్తరణ అధికారులు ఉంటారు. విత్తనాల సరఫరా, పంటల నమోదు, మట్టి నమూనాల సేకరణ, పురుగూ తెగులూ వస్తే పొలానికి వెళ్లి చూడటం మా పని. వీటితోపాటు పైనుంచి వచ్చే ప్రతి కొత్త పద్ధతికీ ఒక రైతును ఒప్పించి, ఆ పొలంలో చేయించి, చుట్టుపక్కల వాళ్లకు చూపించాలి. దాన్ని ప్రదర్శన క్షేత్రం అంటాం. నేను చేరిన నెలలో వచ్చిన ఉత్తర్వు వరిగడ్డి కాల్చకుండా మట్టిలో కలిపించమని.

ఆ ఉత్తర్వు ఎందుకు వచ్చిందో నాగారంలో మా ఇంటి నుంచి ఆఫీసుకు వచ్చే దారిలోనే తెలిసేది. మేడ్చల్ వైపు చూస్తే పొలాల మీద పొగ పరుచుకుని ఉండేది. పూర్వం మనుషులు కొడవలితో మొదలుకంటా కోసి, గడ్డిని వాము వేసుకునేవారు. ఇప్పుడు కోత మిషన్ గింజను తీసుకుని గడ్డిని వెనక్కి ఊదేస్తుంది. మోకాలెత్తు కొయ్యకాళ్లు, వాటి మీద చిందరవందరగా గడ్డి. పశువులు తగ్గిపోయాయి. కట్టలు కట్టే మిషన్ వాళ్లు అత్వెల్లి వంటి రోడ్డు పక్క ఊళ్లకు వచ్చినంత సులువుగా లోపలి ఊళ్లకు రారు. రైతు చేతిలో మిగిలిన తేలిక ఉపాయం అగ్గిపుల్ల.

చెరువు కింద ఉన్న ఒక చిన్న ఊళ్లో ఎవరైనా ఒక ఎకరం ఇస్తారేమోనని రెండు వారాలు తిరిగాను. అందరూ మర్యాదగా విన్నారు, ఎవరూ ఇవ్వలేదు. చివరికి ఒప్పుకున్నది బాలమణి. ఆమె భూమి యజమాని కాదు. కొండల్ రెడ్డి గారి మూడెకరాలు కౌలుకు చేస్తోంది. ఆ మూడెకరాల్లోనూ చేద్దామంది. ఆమె భర్త ఎల్లయ్య చెరువులో చేపలు పడతాడు. వ్యవసాయం మొత్తం ఆమెదే. నలభై ఏళ్లుంటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఆమె ఎందుకు ఒప్పుకుందో అడిగాను. పర్యావరణం గురించి ఏదైనా చెబుతుందని ఎదురుచూశాను.

"మా ఆయనకు గాలానికి ఎర్రలు దొర్కుతలేవు మేడం" అంది. ఎర్రలంటే వానపాములు. "నా చిన్నప్పుడు గీ ఒడ్డు పొంటి పారతోని ఒక్కపెట్టు పెడ్తె గుప్పెడు దొరుకుతుండె. ఇప్పుడు పొలమంత తవ్వినా ఒక్కటి లేదు. అగ్గి పెట్టినకాడ ఏం బతుకుతది?"

భూసార కేంద్రంలో ఇరవై ఏళ్లు పనిచేసిన నేను ఆ సంగతిని అంత తక్కువ మాటల్లో చెప్పి ఉండేదాన్ని కాదు. కొండల్ రెడ్డి గారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆయనకు ఊళ్లో చాలా భూమి ఉండేది. కొంత ప్లాట్లుగా పోయింది, కొంత మిగిలింది. బాలమణి మడిని ఆనుకుని ఒక రెండెకరాలు మాత్రం కూలీలను పెట్టి సొంతంగా చేయించేవారు. "గడ్డి తోని మీరేం జేసుకున్నా నాకేం లేదు మేడం, పంట మాత్రం తగ్గొద్దు" అన్నారు.

మొదలుపెట్టేముందు ఆ మడి మట్టి నమూనా తీశాం. పొలంలో వంకరటింకరగా నడుస్తూ పదీపన్నెండు చోట్ల ఆంగ్లంలో వి అక్షరం ఆకారంలో జానెడు లోతు గుంత తీసి, గుంత గోడ నుంచి పలుచగా మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అరకిలో మిగుల్చుతాం. ఫలితాల కార్డులో సేంద్రియ కర్బనం అనే గడి ఎదురుగా 'తక్కువ' అని వచ్చింది. మట్టిలో కుళ్లి కలిసిపోయిన ఆకు, వేరు, గడ్డి, జీవుల శరీరాలు ఎంత ఉన్నాయో చెప్పే గడి అది. మా మండలంలో వరి పొలాల కార్డులన్నిటిలోనూ అక్కడ అదే మాట. అందుకని దాన్ని చూసి నేను ఏమీ అనుకోలేదు.

ఆ మొదటి ఏడు నేను తప్పు చేశాను. దాన్ని దాచి ఈ కథ చెప్పడం కుదరదు.

గడ్డిని తొలకరి జల్లులకే ట్రాక్టరుకు తగిలించే రోటావేటర్‌తో మట్టిలో కలపాలి. కలిపాక కనీసం రెండు మూడు వారాలు మురగనివ్వాలి. ఆ తరువాతే నీళ్లు పెట్టి బురదగా దున్ని, అంటే దమ్ము చేసి, నాటాలి. ఆ ఏడు వాన ఆలస్యమైంది. రోటావేటర్ మా వంతుకు వచ్చేసరికి నారు ముదురుతోంది. అదే వారంలో ప్రదర్శన క్షేత్రంలో నాట్లు పూర్తయినట్టు ఫొటోతో సహా నివేదిక పంపమని పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. గడ్డి కలిపిన నాలుగో రోజున మడి నిండా నీళ్లు పెట్టించి దమ్ము చేయించాను.

బాలమణి ఒడ్డు మీద నిలబడి బురదలోంచి ఒక గడ్డిపోచ తీసి వేళ్ల మధ్య లాగి చూసింది. అది తెగలేదు. "గడ్డి ఇంకా మురగలే మేడం. కొన్ని దినాలు ఆగుదమా?" అని అడిగింది.

నారు ముదిరిపోతుందని చెప్పాను. అది నిజమే. నివేదిక సంగతి చెప్పలేదు. మర్నాడు నాట్లు వేశారు. నేను ఫొటో తీసుకుని పంపించాను.

పన్నెండు రోజులకు ఆమె నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే చుట్టూ ఉన్న పొలాలన్నీ పచ్చగా తేరుకుంటున్నాయి. మధ్యలో మా మూడెకరాలు మాత్రం నిమ్మపండు రంగులో ఉన్నాయి. మడిలో కాలు పెట్టగానే అడుగు చుట్టూ బుడగలు లేచాయి, కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. ఒక మొక్క పీకి చూశాను. వేర్లు నల్లగా ఉన్నాయి.

ఒడ్డు మీద పక్కపొలాల వాళ్లు నలుగురైదుగురు చేరారు. కొండల్ రెడ్డి గారు కూడా వచ్చారు. ఆయన కోపంగా మాట్లాడలేదు. "అగ్గి పెడితె గీ పరేషాన్ లేకుండె గద మేడం" అని మాత్రం అన్నారు. తరువాత బాలమణి వైపు తిరిగి, పంట ఇట్లాగే పోతే వచ్చే ఏడు పొలం వేరేవాళ్లకు ఇస్తానని చెప్పి వెళ్లిపోయారు.

అందరూ పోయాక ఆమె నన్ను అడిగింది. "మేడం, నిజం జెప్పుండ్రి. గిట్లయితదని మీకు ఎరుకేనా?"

ఎరుకేనని చెప్పాను. ఇలా అయ్యే అవకాశం ఉందని పుస్తకంలో చదివాను, ఇతరులకు పాఠం కూడా చెప్పాను, తొందరలో పక్కన పెట్టాను. నువ్వు ఆగుదామన్నప్పుడు ఆగి ఉండాల్సింది అన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక రైతు ముందు తప్పు నాదేనని ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. "మరి ఇప్పుడేం జేద్దాం?" అంది.

అప్పుడు ఆమెకు మట్టిలో ఏం జరుగుతోందో చెప్పాను. గడ్డిని కుళ్లబెట్టేది కంటికి కనబడని జీవులు. వాటికి గడ్డి అన్నం లాంటిది, కానీ ఒట్టి అన్నం తిని అవి బతకలేవు. నత్రజని కూడా కావాలి. గడ్డిలో అది చాలినంత ఉండదు కాబట్టి మట్టిలో ఉన్నదంతా అవి ముందే లాగేసుకుంటాయి. వరి మొక్కకు మిగలదు. అందుకే పసుపు రంగు. పైన నీళ్లు నిలిచి గాలి ఆడక కుళ్లు విషవాయువుగా మారుతోంది. అందుకే వేర్లు నల్లబడ్డాయి. మందు ఒకటే. నీళ్లు మొత్తం తీసేసి, సన్నని నెర్రెలు కనబడేదాకా మడిని ఆరనివ్వాలి. తరువాత పలుచగా నీళ్లు పెట్టి కొద్దిగా యూరియా చల్లాలి.

"నీళ్లు ఇడ్సిపెట్టుమంటున్నరా?" అంది. ఆ ఏడు చెరువులో నీళ్లు అడుగున ఉన్నాయి. బోరు కొద్ది గంటలే పోసేది. రెండు వారాలు కష్టపడి నింపుకున్న మడి అది. ఒకసారి దెబ్బతీసిన సలహాదారు మాట విని ఆ నీటిని వదిలేయమంటే ఎవరైనా వెనకాడతారు. ఆమె కొంగు నడుముకు చుట్టుకుంది, పార అందుకుని ఒడ్డుకు గండి కొట్టింది. నీళ్లు కాలువలోకి పోతుంటే పక్కపొలం వాళ్లు చూస్తూ నిలబడ్డారు.

ఆ తరువాత ప్రతి ఉదయం ఆఫీసుకు పోయేముందు నేను ఆ పొలానికి వెళ్లాను. మొదటి మూడు రోజులు ఏ మార్పూ లేదు. నాలుగో రోజు బురద మీద వెంట్రుకంత పగుళ్లు కనిపించాయి. వాసన పోయింది. నీళ్లు పెట్టి, యూరియా చల్లి, మళ్లీ ఎదురుచూశాం. తొమ్మిదో రోజో పదో రోజో, నేను వెళ్లేసరికి బాలమణి ఒక దుబ్బు పీకి కాలువలో కడిగి చేతిలో పట్టుకుని ఉంది. పాత నల్లటి వేర్ల మధ్యలోంచి కొత్త వేర్లు వచ్చాయి. తెల్లగా, నిండుగా, గడ్డం నుంచి వెంట్రుకలు దిగినట్టు దిగాయి. ఆమె ఆ దుబ్బును నా చేతికి ఇచ్చింది. చచ్చిందనుకున్నది బతికి వస్తుంటే పక్కన నిలబడి చూడటం ప్రయోగశాలలో నాకు ఎన్నడూ దొరకని అనుభవం.

పంట వచ్చింది. పక్కపొలాల కంటే కొంచెం తగ్గింది. బాలమణి ఒక్కతే కొండల్ రెడ్డి గారింటికి వెళ్లింది. ఇంకొక్క ఏడు పొలాన్ని తన చేతిలో ఉండనివ్వమని అడిగిందని, ఆయన చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారని తరువాత తెలిసింది. నిజానికి ఆమె అగ్గి పెట్టడానికి తిరిగిపోయి ఉంటే నేను తప్పు పట్టి ఉండేదాన్ని కాదు. ఎందుకు పోలేదని ఒకసారి అడిగాను. "ఎప్పుడు ఆగాల్నో ఇప్పుడు ఎరుకైంది గద" అంది.

రెండో ఏటి నుంచి పద్ధతి కుదిరింది. బాలమణి కోత మిషన్ డ్రైవర్‌ను బతిమాలి గడ్డి ఒకచోట కుప్ప పడకుండా పొలమంతా పరుచుకునేలా చూసుకునేది. యాసంగి గడ్డికి ఎండాకాలం చాలా వ్యవధి ఉంటుంది. తొలి జల్లుకు కలిపి వదిలేస్తే నాట్ల నాటికి మెత్తబడేది. వానాకాలం గడ్డికి వ్యవధి తక్కువ కాబట్టి కోసిన వెంటనే, నేలలో తడి ఉండగానే సూపర్ ఫాస్ఫేట్, పేడనీళ్లు చల్లి కలిపించేది. గడ్డిపోచను వేళ్లతో లాగి, తెగితేనే దమ్ముకు ఒప్పుకునేది. ఆ పరీక్ష ఏ పుస్తకంలోనూ లేదు. నేను మిగతా ఊళ్లలో రైతులకు దాన్నే చెప్పడం మొదలుపెట్టాను.

మూడో ఏడు రోటావేటర్ డ్రైవర్ గమనించాడు. పక్కపొలంలో ఇంజను మూలుగుతుంటే ఈ పొలంలో తేలిగ్గా పోతోందని చెప్పాడు. దున్నుతుంటే వెనక కొంగలు దిగేవి. పక్కమడిలో దున్నినా అటు పోయేవి కావు. అదే ఏడు ఎల్లయ్య చెరువుకు పోతూ ఒడ్డు పక్క తడిలో పారతో ఒక్క పెట్టు పెట్టి డబ్బా నింపుకున్నాడని బాలమణి నవ్వుతూ చెప్పింది. నాలుగో ఏడు వానాకాలంలో, వెన్ను ఇంకా బయటికి రాని పొట్టదశలో వాన మొహం చాటేసింది. బోర్లు సన్నగిల్లాయి. చుట్టూ మడులు కాలు దిగేంతగా నెర్రెలిచ్చాయి. ఈ మడిలో పైపొర ఎండినా, వేలు గుచ్చితే లోపల చల్లగా తగిలేది. పంట నిలబడింది. ఆ ఏడు కొండల్ రెడ్డి గారు నన్ను దారిలో ఆపి, "ఏం మందు కొట్టిచ్చిన్రు మేడం దానికి?" అని అడిగారు. గడ్డి అన్నాను. నేను మాట దాటేస్తున్నానని ఆయన అనుకున్నారు.

అసలు చెప్పదలుచుకున్నది ఐదో ఏటి ఎండాకాలం గురించి.

మే నెలలో మా ఆఫీసు నుంచి పరీక్షా కేంద్రానికి పంపిన నమూనాల ఫలితాలు వచ్చాయి. కార్డులు తిరగేస్తుంటే ఒకదాంట్లో సేంద్రియ కర్బనం గడిలో 'మధ్యస్థం' అని కనిపించింది. బయటివాళ్లకు ఇది చాలా చిన్న సంగతి. తక్కువ నుంచి మధ్యస్థం, అంతే. కానీ మా ఎండలకు మట్టిలో చేరిన కర్బనం చేరినట్టే ఆవిరైపోతుంది. ఒక మెట్టు ఎక్కడం కాదు, ఉన్న మెట్టు మీద నిలబడటమే కష్టం. వరసగా రెండు పంటల వరి వేసే నేలలో ఆ మాట నేను ఆ మండలంలో చూడలేదు. సంచులు తారుమారయ్యాయని అనుకుని కేంద్రానికి ఫోన్ చేసి మళ్లీ పరీక్ష చేయించాను. మళ్లీ అదే వచ్చింది. అప్పుడు సర్వే నంబరు చూశాను. బాలమణి మడి.

అయితే ఆ నమూనా ఆమె ఇచ్చింది కాదు, మేము తీసింది కాదు. పట్టాదారుగా కొండల్ రెడ్డి గారు మనిషితో పంపించారు. ఎందుకా అని ఆలోచిస్తుండగానే ఆయన ఫోన్ వచ్చింది. "మట్టి మంచిగుందని కాయితం మీద రాసియ్యండ్రి మేడం. కొనేటాయన అడుగుతున్నడు" అన్నారు.

కొనేది పొలం కాదు, మట్టి. కొత్తగా కడుతున్న విల్లాల తోటలకు నల్లటి మెత్తటి మట్టి కావాలట. ఒక కాంట్రాక్టరు చుట్టుపక్కల పొలాలన్నీ తిరిగి, మట్టి చేత్తో నలిపి చూసి, ఈ మూడెకరాలనే ఎంచుకున్నాడు. ఒక అడుగు మందం తీసుకుపోతాడు. సోమవారం జేసీబీ వస్తుంది. ఆ రోజు శుక్రవారం.

బాలమణికి తెలుసా అని అడిగాను. "ఆమెకేం ఫరక్ పడ్తది మేడం? ఒక అడుగు తీస్తె కింద ఉండేది మట్టే గద. వానాకాలం నాటికి మల్ల దున్నుకుంటది" అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, మోసం చేయడం లేదు. నిజంగానే అట్లా నమ్మారు. మట్టి తవ్వకాల అనుమతులు నా శాఖవి కావు. తహసీల్దారుకు ఒక లేఖ రాయగలను. అది చేరి, ఎవరైనా కదిలేసరికి సోమవారం దాటిపోతుంది. నా చేతిలో ఉన్నది ఆయన అడుగుతున్న కార్డు ఒక్కటే. ఆ మట్టి అమ్ముడుపోవడానికి పనికొచ్చే కాగితం అది. ఆదివారం ఉదయం పొలం దగ్గరికి వస్తే అక్కడే ఇస్తానని చెప్పాను.

శనివారం బాలమణికి సంగతి చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఒడ్డు మీద కూర్చుని రెండు చేతులతో మట్టిని అటూ ఇటూ చేసింది. "పటేలు చెడ్డోడు గాదు మేడం. ఆయనకు చూపియ్యాలె" అంది. ఊళ్లో కొండల్ రెడ్డి గారిని అందరూ పటేలనే పిలుస్తారు. ఆ సాయంత్రం ఆమె, ఎల్లయ్య కలిసి మడి మధ్యలో నడుములోతు గుంత తవ్వారు. నేను ఇంటి నుంచి వెడల్పు మూతి గాజు సీసాలు రెండు పట్టుకెళ్లాను. మామూలుగా వాటిలో ఆవకాయ పెడతాం.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కొండల్ రెడ్డి గారు వచ్చారు. ముందుగా గుంతలోకి దిగి చూడమన్నాను. ఆయన మొహమాటపడుతూనే దిగారు. వెనకాల నేను దిగాను. చేతిలో కార్డు ఉంది గానీ, గుంత గోడ వైపు చూశాక దాని సంగతే మరిచిపోయాను.

పైన జానెడు మందం నల్లటి మట్టి. అటుకుల్లా, సన్న గుళికల్లా విడివిడిగా ఉంది. దాని కింద ఏళ్ల తరబడి దమ్ము చేయడం వల్ల బిగుసుకున్న గట్టి పొర. మామూలుగా ఆ పొర దగ్గర వరివేర్లు పక్కకు తిరిగిపోతాయి. ఇక్కడ ఆ పొర నిండా సూది దూరేంత రంధ్రాలు ఉన్నాయి. పాత వేర్లు కుళ్లిపోయి వదిలివెళ్లిన దారులవి. ఒక్కొక్క దారి చుట్టూ తుప్పు రంగు పూత. ఆ దారుల్లోంచే తరువాతి పంటల వేర్లు కిందికి దిగాయి. బాలమణి కొడవలి మొనతో ఆ పొర కింద ఒక చిన్న మట్టిపెడ్డ విడదీసింది. లోపల శనగగింజంత గూడు, గూట్లో ఒక వానపాము ముడి వేసినట్టు చుట్టుకుని కదలకుండా ఉంది. చచ్చిందనుకున్నారు కొండల్ రెడ్డి గారు. నిద్రలో ఉందని చెప్పాను. వాన పడి తడి లోపలికి దిగేదాకా అది అలా చుట్టుకుని ఉంటుంది. ఆ పక్కనే ఇంకొకటి, కింద మరొకటి. చేతికి అందినంత మేర గోడలో పడుకుని ఉన్నాయి.

పుస్తకాల్లో చదివాను. పరీక్షల్లో రాశాను. అయినా చేత్తో తాకి చూడటం అదే మొదలు. వరుసగా పది కాలాల గడ్డి ఎక్కడికి పోయిందని ఎవరైనా అడిగితే అప్పటిదాకా అంకెలు చెప్పేదాన్ని. అది ఇక్కడ గూళ్లుగా, దారులుగా, నలుపుగా మారి నా కళ్ల ముందు నిలబడి ఉంది. ఎవరూ చూడని చోట ఇంత పని జరిగింది.

"దాని కింద ఏముంది?" అని కొండల్ రెడ్డి గారు అడిగారు. బాలమణి కాలితో గుంత అడుగును చూపించింది. గట్టి పొరకు బెత్తెడు కింద నుంచే ఎర్రటి మొరం, ఒట్టి కంకర నేల. గడ్డపార తగిలితే ఖంగుమంది. ఆయన జానెడు నలుపు వైపు ఒకసారి, మొరం వైపు ఒకసారి చూశారు.

తరువాత ఒడ్డు మీద సీసాలు పెట్టి నీళ్లు పోశాను. ఎండిన పెడ్డ ఒకటి ఈ మడిది, ఒకటి పక్కనున్న ఆయన సొంత మడిది. ఒకే నేల, ఒకే బోరు, ఒకే విత్తనం. తేడా అగ్గి ఒక్కటే. రెండింటినీ తీగ జల్లెడ ముక్కల మీద పెట్టి నీళ్లలోకి దించాను. మట్టి ఎంత గట్టిగా తనను తాను పట్టుకుని ఉందో చూసే పరీక్ష ఇది.

ఆయన మడి పెడ్డ నీళ్లు తగలగానే అంచులు రాలడం మొదలైంది. చూస్తుండగానే కూలిపోయింది. సీసా నిండా ఎర్రటి బురదనీళ్లు. రెండో సీసాలో పెడ్డ సన్నని బుడగలు వదులుతూ కూర్చుంది. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. అట్లాగే కూర్చుంది. నీళ్లలోంచి అవతలి ఒడ్డు కనబడుతోంది.

చివరికి కొండల్ రెడ్డి గారు చెయ్యి పెట్టి ఆ పెడ్డను బయటికి తీశారు. రెండుగా విరిచారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన కూడా చిన్నప్పుడు నాగలి పట్టిన మనిషే. "మా నాయిన దున్నేటప్పుడు గిదే వాసన ఉంటుండె" అన్నారు మెల్లగా. ముక్కలు చేతిలోనే ఉంచుకుని, "ఎన్నేండ్లు పట్టింది బాలమణీ?" అన్నారు.

"ఐదేండ్లు పటేలా."

"జేసీబీకి ఎంతసేపు పడ్తది?"

"ఒక్క పూట" అంది ఆమె. "మొరం మిగుల్తది. మొరంల నేను ఏం నాటాలె?"

ఆయన విరిచిన పెడ్డను కింద పడేయకుండా ఒడ్డు మీద పెట్టి, చేతులు కడుక్కుని, బండెక్కి వెళ్లిపోయారు. కార్డు నా చేతిలోనే ఉండిపోయింది.

సోమవారం ఉదయం నేను ఆఫీసుకు కాకుండా నేరుగా పొలానికి వెళ్లాను. బాలమణి, ఎల్లయ్య తెల్లవారకముందు నుంచే ఒడ్డు మీద కూర్చుని ఉన్నారు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. రోడ్డు మీద ఏ యంత్రం చప్పుడు వినిపించినా ముగ్గురం లేచి నిలబడ్డాం. పదింటికి కొండల్ రెడ్డి గారు ఒక్కరే వచ్చారు. కాంట్రాక్టరును రావద్దని రాత్రే చెప్పేశానన్నారు. కాంట్రాక్టరు మస్తు గరమయ్యాడట. అంతకు మించి దాని గురించి మాట్లాడలేదు. తన మడిలో ఇంకా కాల్చకుండా మిగిలిన గడ్డి వైపు చెయ్యి చూపించి, "మేడం, నాది ఎప్పుడు కలపాలె? ఇప్పుడా, వాన పడ్డంకనా?" అని అడిగారు.

నేను బాలమణి వైపు చూశాను. "వాన పడ్డంక" అని ఆమే చెప్పింది. "కలిపినంక మూడు వారాలు ఆగాలె. పోస చేత్తోని గుంజితె తెగాలె. తెగకుంటె ఇంకా ఆగాలె. ఎవ్వలు తొందరవెట్టినా వినద్దు పటేలా."

ఎవ్వలు అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. అది ఆమె మర్యాద.

ఆ మరుసటి ఏడు నేను పదవీ విరమణ చేశాను. అప్పటికి ఆ ఊళ్లో అగ్గి పెట్టనివాళ్లు ఇద్దరు ముగ్గురే. మిగతా పొలాల మీద ఏటా పొగ లేస్తూనే ఉంది. కొన్ని పొలాలు ప్లాట్లయ్యాయి. ఒక ఊరిని మార్చానని నేను చెప్పుకోలేను.

నేర్చుకున్నది మాత్రం చెప్పగలను. మట్టి మనం ఇచ్చింది పుచ్చుకుని అంతకంటే ఎక్కువ చేసి తిరిగి ఇస్తుంది. అయితే దాని గడువు దానిది. ఆ గడువును ఉత్తర్వులు తగ్గించలేవు, నివేదికలు ముందుకు జరపలేవు. సలహా ఇచ్చే అధికారి తప్పు చేస్తే పసుపుబారేది ఫైలు కాదు, ఇంకొకరి పంట. కాబట్టి కొత్త పద్ధతి చెప్పేటప్పుడు లాభం కంటే ముందు ఎక్కడ దెబ్బతింటుందో చెప్పాలి, పొలంలో నిలబడిన మనిషి ఆగమంటే ఆగాలి.

ఇంకొకటి. ఉద్యోగమంతా మట్టిని పరీక్షించాను. గుంతలోకి దిగి చూసింది ఒక్కసారి. అది మొదటి ఏడే చేయాల్సిన పని.